జీతం ఇవ్వని చోట అజమాయిషీ ఎలా? పుణే ‘స్వచ్ఛ్’ కేస్ స్టడీ

సహకార సంఘాల మేనేజర్లకు శిక్షణ ఇవ్వడం నా పని. పాల సంఘాల వాళ్ళు, పొదుపు సంఘాల వాళ్ళు అడగని ప్రశ్న ఒకటి కొందరు మేనేజర్లు తప్పకుండా అడుగుతారు. వీళ్ళ సభ్యులు ఎవరి పని వాళ్ళు చేసుకుని బతికేవాళ్ళు: ఇంట్లో మిషన్ పెట్టుకుని కుట్టుపని చేసే ఆడవాళ్ళు, సొంత బండి నడిపే ఆటోవాళ్ళు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు. ప్రశ్న దాదాపు ఒకేలా ఉంటుంది. “మెంబరు చెప్పిన టైముకి పనికి వెళ్ళలేదు. జీతం ఇచ్చేది మేం కాదు కాబట్టి కోత పెట్టలేం. మెమో ఇద్దామంటే, రేపు జనరల్ బాడీలో నన్ను ఉంచాలా తీసెయ్యాలా అని చెయ్యెత్తేది ఆ మెంబరే. కస్టమర్ ఫోన్ మాత్రం నాకే వస్తుంది. ఏం చెయ్యమంటారు?”

ఇలాంటి చోట మోటివేషన్ క్లాసులు పెట్టి లాభం లేదని నా అభిప్రాయం. మనిషిని మార్చే ముందు ఆ పని ఎలా ఏర్పాటై ఉందో చూడాలి. ముఖ్యంగా డబ్బు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్తోందో చూడాలి. అజమాయిషీ ఎప్పుడూ ఆ దారినే వస్తుంది. ఈ మాట అర్థం కావడానికి నేను క్లాసులో వాడే కేసు పుణేలోని ‘స్వచ్ఛ్’ సహకార సంఘం. ఇల్లిల్లూ తిరిగి చెత్త సేకరించే కార్మికుల సొంత సంఘం అది. మూడు వేలకు పైగా సభ్యులు, ఎక్కువమంది ఆడవాళ్ళు, అందులోనూ అత్యధికులు దళితులు. ఒక్కరికీ సంఘం నెల జీతం ఇవ్వదు. అయినా పొద్దున్నే నగరంలో లక్షల గుమ్మాల ముందు చెత్త ఎత్తుతున్నారు.

సంఘం కంటే ముందు యూనియన్

ఈ కేసును స్వచ్ఛ్ రిజిస్టరైన 2007 నుంచి మొదలుపెడితే సగం పోతుంది. 1993లో పుణేలో చిత్తు కాగితాలూ గాజూ రేకూ ఏరుకునేవాళ్ళు ‘కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్’ అనే యూనియన్‌గా కూడారు. హమాలీలను సంఘటితం చేసిన బాబా ఆఢావ్ దన్ను దానికి దొరికింది. ఎస్ఎన్‌డీటీ మహిళా విశ్వవిద్యాలయంలో వయోజన విద్య విభాగంలో పనిచేసిన లక్ష్మీ నారాయణ్, పౌర్ణిమా చికర్‌మానే మొదటి నుంచీ ఆ పనిలో ఉన్నారు. అప్పటికి ఈ ఆడవాళ్ళు చెత్తకుండీల్లో చేతులు పెట్టి ఏరుకునేవాళ్ళు. దొంగలన్న అనుమానం, పోలీసుల బెదిరింపు, కుక్కల కాట్లు రోజువారీ వ్యవహారం. యూనియన్ మొదట సాధించింది గుర్తింపు కార్డు. 1990ల మధ్యలో పుణే నగరపాలక సంస్థ ఆ కార్డులను ఆమోదించింది. కొన్నేళ్ళకు ఆరోగ్య బీమా వచ్చింది. మధ్యలో యూనియన్ సొంత పరపతి సంఘం పెట్టుకుంది, స్క్రాప్ కొట్టు నడిపింది.

అప్పుడు వచ్చింది అసలు గండం. మున్సిపల్ ఘన వ్యర్థాల నిబంధనలు 2000లో వచ్చాయి. చెత్తను ఇంటి దగ్గరే సేకరించాలి, కుండీలు తగ్గించాలి అన్నాయి. నగరానికి మంచిదే. కుండీ మీద బతికేవాళ్ళకు మాత్రం కుండీ తీసేస్తే బతుకుతెరువు పోయినట్టే. కాంట్రాక్టరు బండి ఇంటి ముందుకొస్తే పొడి చెత్త మొత్తం దానిలోకే పోతుంది. యూనియన్ దీనికి ఎదురు ప్రతిపాదన పెట్టింది: ఇంటి దగ్గర చెత్త ఎత్తే పని మాకే ఇవ్వండి అని. 2005 ప్రాంతంలో ప్రయోగాత్మకంగా నడిచింది. 2007లో సహకార సంఘంగా రిజిస్టరైంది. 2008లో కార్పొరేషన్‌తో ఐదేళ్ళ ఒప్పందం కుదిరింది.

మేనేజర్లు ఇక్కడ ఒక విషయం పట్టుకోవాలి. సంఘం పెట్టేనాటికే సభ్యులకు యూనియన్ మీద దాదాపు పదిహేనేళ్ళ నమ్మకం ఉంది. జైలు నుంచి విడిపించింది ఎవరో, ఆసుపత్రి బిల్లుకు ఆదుకుంది ఎవరో వాళ్ళకు తెలుసు. మన దగ్గర చాలా సంఘాలు ఏదో పథకం డబ్బు వచ్చిందని ఆదరాబాదరాగా రిజిస్టరై, తర్వాత సభ్యులను వెతుక్కుంటాయి. ఆ తర్వాత “మెంబర్లు మాట వినడం లేదు” అంటాయి. వినడానికి వాళ్ళకు కారణం ఏముంది?

ఒక బిల్డింగు, ఇద్దరు మనుషులు

పని ఎలా జరుగుతుందో దగ్గరగా చూద్దాం. సాధారణంగా ఇద్దరు జంటగా పనిచేస్తారు. ఇద్దరికీ కలిపి కొన్ని వందల ఇళ్ళు. నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ అనుకోండి. ఒకామె రెండు బకెట్లతో మెట్లెక్కుతుంది, ఒకటి తడి చెత్తకు, ఒకటి పొడి చెత్తకు. లిఫ్టు ఉన్నా వాడనివ్వని బిల్డింగులు ఉంటాయి. రెండో ఆమె కింద తోపుడు బండి దగ్గర నిలబడి, పై నుంచి వచ్చినదాన్ని చూస్తూనే వేరు చేస్తుంది. పాల కవర్లు ఒక సంచిలో, అట్టపెట్టెలు ఇంకో దాంట్లో, సీసాలు విడిగా. ఎవరో తడి పొడి కలిపి ఒకే కవర్లో కట్టి ఇచ్చుంటారు. దాన్ని విప్పక తప్పదు. కవర్లోంచి కారే నీళ్ళు చేతి మీదుగా మోచేతి దాకా వస్తాయి. శానిటరీ ప్యాడ్లు కాగితంలో చుట్టి పైన ఎర్రచుక్క పెట్టి ఇవ్వండి, మా చేతికి తగలకుండా ఉంటుంది అని సంఘం నగరమంతా ప్రచారం చేసింది. ఆ ‘రెడ్ డాట్’ ప్రచారం బోర్డు మీటింగు టేబుల్ మీద పుట్టే ఆలోచన అనుకోను. చెత్త విప్పే చేతులకే అది తట్టాలి.

పోగైన తడి చెత్తనూ, పనికిరానిదాన్నీ కార్పొరేషన్ బండి ఆగే చోట అప్పగిస్తారు. పనికొచ్చే పొడి సరుకు వాళ్ళది. షెడ్డులోనో రోడ్డు పక్కనో కూర్చుని ఇంకోసారి ఏరి, స్క్రాప్ కొట్టులో కాటా పెట్టి అమ్ముకుంటారు.

ఆదాయం రెండు దారుల్లో వస్తుంది. ఇంటింటి నుంచి నెలనెలా తీసుకునే రుసుము మొదటిది. కార్పొరేషన్ నిర్ణయించిన ఈ రుసుము మామూలు ఇళ్ళకు చిన్న మొత్తమే. మురికివాడల్లో అంతకంటే తక్కువ తీసుకుని, కొంత కార్పొరేషన్ జతచేసే ఏర్పాటు ఉంది. రెండోది స్క్రాప్ అమ్మకం. ఈ రెండూ నేరుగా సభ్యుల చేతికే అందుతాయి. కార్పొరేషన్ సంఘానికి ఇచ్చేది పర్యవేక్షణ సిబ్బంది ఖర్చు, చేతి తొడుగులు, బండ్లు, యూనిఫాం లాంటివి.

అంటే ఇంటావిడ ఇచ్చే డబ్బు సంఘం ఖాతాలోకి రాదు. మేనేజరు చేతిలో కోత పెట్టడానికి ఏమీ లేదు. మొదటిసారి ఇది వినగానే క్లాసులో నా ముందున్న మేనేజర్ల ముఖాలు మాడిపోతాయి. కొంచెం ఆలోచిస్తే వేరే సంగతి తెలుస్తుంది. సభ్యురాలు వరుసగా కొన్ని రోజులు రాకపోతే ఇంటివాళ్ళు నెలాఖరున డబ్బు ఇవ్వరు. ఇచ్చినా గొణుక్కుంటూ ఇస్తారు. పొడి చెత్త కూడా ఆ రోజులకు పోయినట్టే, మరొకరు పట్టుకుపోతారు. హాజరు పట్టీ రాసే పని సంఘానికి దాదాపు తప్పింది. ఆ పని కస్టమర్ చేస్తున్నాడు.

మరి సంఘం చేసే పనేమిటి?

కస్టమర్‌కీ సభ్యురాలికీ మధ్య నిలబడటం. ఇది చెప్పినంత తేలిక కాదు. అందుకే వార్డుల్లో సంఘం తరఫున తిరిగే ఉద్యోగి, అంటే కోఆర్డినేటర్ పని గురించే ఎక్కువ చెప్తాను. ఈ సంఘం నిలబడేదీ కూలేదీ అక్కడే.

ఆ ఉద్యోగిని ఉదయం వార్డులో ఉంటుంది. ఫోన్లో మొదటి ఫిర్యాదు: “మీ మావశి (మరాఠీలో పిన్ని) నాలుగో అంతస్తుకు రావట్లేదు.” వెళ్ళి అడిగితే సభ్యురాలి వైపు సంగతి వేరే ఉంటుంది. ఆ ఇంట్లో మూడు నెలలుగా డబ్బు ఇవ్వట్లేదు. లేదా చెత్త కలిపి ఇస్తున్నారు. లేదా మొన్న ఇంటాయన అరిచాడు. కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరైతే ఒక్క మాటతో ముగించేవాడు: “వెళ్ళు, లేకపోతే మానెయ్.” ఇక్కడ ఆ మాట అనే హక్కు కోఆర్డినేటర్‌కి లేదు. ఇద్దరితోనూ మాట్లాడాలి. ఇంటివాళ్ళకు నిబంధనలు చూపించాలి. సభ్యురాలికి, ఈ బాకీ వసూలు చేయించే బాధ్యత నాది, సేవ ఆపే ముందు నాతో చెప్పు అని ఒప్పించాలి. ఇద్దరూ ఒప్పుకున్నా నెల తిరక్కుండా ఇంకో ఇంట్లో అదే గొడవ.

రుసుము ఇవ్వనివాళ్ళ సమస్యను చాలామంది డబ్బు సమస్యగా చూస్తారు. నా లెక్కలో అది పూర్తిగా మనుషుల నిర్వహణ సమస్యే. బాకీ వసూలును సభ్యురాలి మీదే వదిలేస్తే ఆమె ఇల్లిల్లూ బతిమాలే మనిషిగా మిగిలిపోతుంది. మొత్తం వసూలును సంఘం తీసేసుకుంటే ఆమె మెల్లగా జీతగత్తె అయిపోతుంది. పుణేలో పట్టుకున్న మధ్యదారి ఇది: వసూలు ఆమెది, వసూలు చేసుకునే హక్కును నిలబెట్టడం సంఘానిది. గుర్తింపు కార్డు, యూనిఫాం, నిర్ణయించిన రుసుము, ఫిర్యాదుకు ఒక ఫోన్ నంబరు. ఇవన్నీ ఉండటంతో గుమ్మంలో నిలబడ్డ ఆమె వెనక ఒక సంస్థ ఉందని ఇంటివాళ్ళకు తెలుస్తుంది.

కోఆర్డినేటర్ తలనొప్పి అక్కడితో అయిపోదు. కార్పొరేషన్ మేస్త్రీకి, అక్కడి మాటలో ముకాదంకి, సభ్యులు తన మనుషులు కారని గుర్తుచేస్తూ ఉండాలి. రోడ్డు ఊడవమంటాడు, డ్రైనేజీ తీయమంటాడు, కాదంటే చెత్త తీసుకోను పొమ్మంటాడు. కార్పొరేటర్ తనకు తెలిసిన మనిషిని ఫలానా హౌసింగ్ సొసైటీలో పెట్టమంటాడు. తడి చెత్త తీసుకెళ్ళే బండి ఆలస్యమైతే బకెట్లతో రోడ్డు మీద నిలబడేది సభ్యురాలు, వాసన వస్తోందని ఫిర్యాదు చేసేది పక్కింటివాళ్ళు. కోఆర్డినేటర్ సమయంలో సగం సభ్యుల మీద పోతుందని అనుకుంటాం. చాలాసార్లు సభ్యుల కోసం బయటివాళ్ళ మీదే పోతుంది. మేనేజర్లకు నేను ఇచ్చే అభ్యాసం కూడా ఇదే. ఒక వారం డైరీ రాయండి, మీ టైములో ఎంత సభ్యుల మీద పోయింది, ఎంత సభ్యుల తరఫున పోయిందో చూడండి. మొదటిది ఎక్కువైతే ఏర్పాటులోనే ఎక్కడో తేడా ఉంది.

నియామకం విషయంలో కూడా ఒక చిక్కుంది. చదువుకున్న సోషల్ వర్క్ పిల్లలను తెస్తే రిపోర్టు బాగా రాస్తారు, కానీ సభ్యుల ముందు టీచరమ్మలా మాట్లాడే ప్రమాదం ఉంది. సభ్యుల కుటుంబాల నుంచి తీసుకుంటే పని తెలుసు, కానీ చుట్టరికాలు అడ్డొస్తాయి. స్వచ్ఛ్‌లో రెండు రకాల వాళ్ళూ ఉన్నారు. నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి మార్గం లేదు.

ఏరియా ఎవరిది?

స్వయం ఉపాధి మనిషికి ఆస్తి ఏమిటో గుర్తుపట్టనిదే ఆమెను నిర్వహించలేం. ఆటోవాలాకు స్టాండు, కూరగాయల బండికి మూల, చెత్త సేకరించే మనిషికి ఇళ్ళ వరస. స్వచ్ఛ్ సభ్యురాలి చేతిలో ఉన్న అతి విలువైన సరుకు ఆమెకు కేటాయించిన ఇళ్ళు. బాగా డబ్బున్న సొసైటీ అయితే రుసుము సరిగ్గా వస్తుంది, అట్టపెట్టెలూ సీసాలూ ఎక్కువ. పాత పేటలో మెట్లు ఎక్కువ, సరుకు తక్కువ. కాబట్టి సంఘంలో వచ్చే గొడవల్లో అసలైనవి జీతాల మీదో పదవుల మీదో రావు, ఇళ్ళ పంపకం మీద వస్తాయి.

ఇక్కడే సంఘానికి నిజమైన అధికారం ఉంది. డబ్బు మీద లేని పట్టు ఏరియా మీద ఉంది. ఆ పట్టును ఎలా వాడతారన్నదే సంఘం స్వభావాన్ని చెబుతుంది. ఆఫీసులో కూర్చున్న ఒకరు ఇష్టం వచ్చినట్టు పంచితే కాంట్రాక్టరుకూ సంఘానికీ తేడా లేదు. అందరి ముందు, వార్డు మీటింగులో, ఏ బిల్డింగు ఎవరు చూస్తున్నారో మాట్లాడుకుని తేల్చుకుంటే వేరే సంగతి. ఆ రెండో పద్ధతిలో గంటలు పడుతుంది. అరుపులు కూడా ఉంటాయి. మా క్లాసుల్లో మేనేజర్లు “అంత టైము ఎక్కడిది సార్” అంటారు. ఆ టైము ఇప్పుడు పెట్టకపోతే తర్వాత పోలీస్ స్టేషన్లో పెట్టాల్సి వస్తుందని చెప్తాను.

సెలవు సంగతీ ఇంతే. జీతగాడికి సెలవంటే హక్కు. స్వయం ఉపాధి మనిషికి సెలవంటే తన చోట ఇంకొకరు పాతుకుపోతారేమో అన్న భయం. పెళ్ళికి ఊరికెళ్ళాలన్నా, కాన్పన్నా, జ్వరమన్నా బదులు మనిషి కావాలి. జంటగా పనిచేయడంలో ఒక లాభం ఇదే: ఒకరు రాకపోయినా గుమ్మం ఖాళీగా ఉండదు. ఎక్కువ రోజులైతే చుట్టాన్ని పంపుతారు. ఇంటివాళ్ళకు కొత్త మొహం, సంఘానికి లెక్కలో లేని మనిషి. పిల్లలను పంపే అవకాశం కూడా ఇక్కడే ఉంది. యూనియన్ మొదటి నుంచీ పిల్లలతో ఈ పని చేయించడానికి వ్యతిరేకంగా పనిచేసింది, సభ్యుల పిల్లలను బడికి పంపే ప్రయత్నం గట్టిగా చేసింది. మన దగ్గర కుట్టుపని సంఘాల్లో ఇదే సమస్య వేరే రూపంలో ఉంటుంది. ఆర్డరు తల్లి పేరున, బొత్తాలు కుట్టేది ఆరో తరగతి పిల్ల. మేనేజరు లెక్కలో మాత్రం ఉత్పత్తి బాగుంది.

రెండు టోపీలు

స్వచ్ఛ్ సభ్యులు చాలామంది యూనియన్‌లో కూడా సభ్యులే. సంఘం పని చేయిస్తుంది, కార్పొరేషన్‌తో ఒప్పందం చేసుకుంటుంది, కాబట్టి కొంత నెమ్మదిగా మాట్లాడాలి. యూనియన్ అరవగలదు, ర్యాలీ తీయగలదు, సంఘం మేనేజర్లనే నిలదీయగలదు. బోర్డులో కార్మికులదే మెజారిటీ. అయినా, సభ్యురాలే యజమాని కదా, ఇక యూనియన్ ఎందుకు అన్న వాదన నేను ఒప్పుకోను. మూడు వేల మందిలో ఒకామెకు యాజమాన్యం అనేది ఏడాదికోసారి చెయ్యెత్తడంలో మాత్రమే అనుభవానికొస్తుంది. మిగతా రోజుల్లో ఆమెకు కోఆర్డినేటరే ‘మేడమ్’. ఆ మేడమ్ తప్పు చేస్తే చెప్పుకోవడానికి సంఘం బయట ఒక చోటు ఉండాలి. యూనియన్ ఉండటం వల్ల మేనేజర్లకు ఇబ్బంది నిజమే. ఆ ఇబ్బంది లేని సంఘాల్లో మేనేజరు మెల్లగా దొరవారు అవుతాడు, నేను చూసినంతలో.

డబ్బు దారి మారితే

ఇదే స్వయం ఉపాధి సభ్యుల సమస్యకు యూరప్‌లో పూర్తిగా తలకిందుల పరిష్కారం కనబడుతుంది. ఫ్రాన్స్‌లో 1995లో లియోన్‌లో ‘కాప్ సెర్వీస్’తో మొదలైన ఒక తరహా సహకార సంఘాలున్నాయి. డిజైనరో, అనువాదకుడో, తోటపని మనిషో తన కస్టమర్లను తానే వెతుక్కుంటాడు, రేటు తానే మాట్లాడుకుంటాడు. బిల్లు మాత్రం సంఘం పేరున వెళ్తుంది. డబ్బు సంఘానికి వస్తుంది. సంఘం తన వంతు మినహాయించుకుని, పన్నులూ సామాజిక భద్రత చందాలూ కట్టి, మిగిలింది అతనికే జీతంగా ఇస్తుంది. అలా అతను ఏకకాలంలో స్వతంత్రుడూ ఉద్యోగీ. 2014 జూలైలో వచ్చిన చట్టం ఈ హోదాకు ఒక రూపం ఇచ్చింది, మూడేళ్ళలోపు అతను సంఘంలో వాటాదారు కావాలని షరతు పెట్టింది. కాకపోతే ఒప్పందం ముగుస్తుంది. ఈ షరతు నాకు చాలా నచ్చింది. మన దగ్గర సంఘాల్లో ‘నామినల్ మెంబర్లు’గా పదేళ్ళు గడిపేవాళ్ళు కోకొల్లలు. పని తీసుకుంటారు, బాధ్యత తీసుకోరు.

బెల్జియంలో కళాకారుల కోసం 1998లో మొదలైన ‘స్మార్ట్’ కూడా ఈ దారినే నడిచి, తర్వాత సహకార సంఘంగా మారింది. బిల్లు మీద ఆరున్నర శాతం తీసుకునేది. అందులోంచే ఒక హామీ నిధి. కస్టమర్ డబ్బు ఆలస్యం చేసినా, ఎగ్గొట్టినా సభ్యుడికి మాత్రం వేళకు అందుతుంది. సైకిల్ మీద భోజనం చేరవేసే డెలివరూ కుర్రాళ్ళను కూడా 2016 ప్రాంతంలో కంపెనీతో ఒప్పందం మీద ఇందులోకి తెచ్చారు. కనీస గంటలు, ప్రమాద బీమా దొరికాయి. 2018 మొదట్లో కంపెనీ ఆ ఏర్పాటు నుంచి తప్పుకుంది. వేల మంది సభ్యులున్నా, ఒకే కస్టమర్ మీద ఆధారపడితే గతి ఏమవుతుందో చూపించే ఉదాహరణ అది.

డబ్బు సంఘం గుండా వెళ్తే మేనేజరుకు పట్టు వస్తుంది, సభ్యుడికి భద్రత వస్తుంది. దాంతో పాటే “నా డబ్బు ఎప్పుడొస్తుంది” అనే ఫోన్లు కూడా వస్తాయి, ఆఫీసులో సగం మంది అకౌంట్లకే సరిపోతారు. పుణే పద్ధతిలో ఆ బరువు లేదు. కానీ కస్టమర్ ఎగ్గొడితే ఆ దెబ్బ ఒక్క మనిషికే తగులుతుంది. ఏది మంచిదని అడిగితే, సభ్యుల ఆదాయం చిన్న చిన్న మొత్తాల్లో చాలా మంది నుంచి వస్తుంటే పుణే దారి, కొద్దిమంది పెద్ద కస్టమర్ల నుంచి వస్తుంటే ఫ్రాన్స్ దారి అని చెప్తాను. స్కూలు యూనిఫాంలు కుట్టే మన ఆడవాళ్ళకు కస్టమర్ ఒక్కరే, ప్రభుత్వం. వాళ్ళకు పుణే పద్ధతి నప్పదు.

మన దగ్గర చూస్తే

హైదరాబాద్‌లో 2015లో స్వచ్ఛ ఆటోలు వచ్చాయి. డ్రైవరే ఓనరు. ఇంటికి నెలకు యాభై రూపాయలు తీసుకోవాలన్నారు. డబ్బు దారి అచ్చం పుణేలాగే: ఇంటివాళ్ళ చేతిలోంచి నేరుగా ఆటో మనిషి చేతికి. తేడా ఎక్కడంటే మధ్యలో సంఘం లేదు. ఏరియా ఎవరిదో తేల్చేది అధికారి. ఇల్లు డబ్బు ఎగ్గొడితే అడిగే దిక్కు లేదు, డ్రైవరు ఎక్కువ అడిగితే ఇంటివాళ్ళకూ దిక్కు లేదు. గల్లీలో చెత్త వేయొద్దని డ్రైవరు, నువ్వు మూడు రోజులకోసారి వస్తే ఎక్కడ వేయాలని ఇంటావిడ. ఈ మాటల యుద్ధం నగరంలో ఉండేవాళ్ళు వినే ఉంటారు. పుణే కోఆర్డినేటర్ చేసే పని ఇక్కడ ఎవరూ చేయడం లేదు కాబట్టి అది గుమ్మంలోనే జరుగుతోంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2021లో మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంలో దారి వేరే. ఇళ్ళ నుంచి వినియోగ రుసుము ప్రభుత్వ యంత్రాంగం వసూలు చేసింది, బండ్లు నడిపేవాళ్ళకు జీతం. జనం దాన్ని చెత్త పన్ను అన్నారు, రాజకీయ గొడవైంది, 2024లో కొత్త ప్రభుత్వం ఎత్తేసింది. తన గుమ్మంలో బకెట్ ఎత్తే మనిషి చేతికి డబ్బు ఇవ్వడానికీ, సచివాలయం రసీదుకు డబ్బు కట్టడానికీ ఇంటివాళ్ళ మనసులో చాలా తేడా ఉంటుంది. పుణేలో రుసుము ఇష్టంగా ఇస్తారని నేననను. కానీ అక్కడ ఆ రూపాయికి ఒక మొహం ఉంది.

చట్టం విషయంలో మనకు ఒక అనుకూలత ఉంది. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, అదే మ్యాక్స్ చట్టం, ప్రభుత్వ వాటా లేకుండా, బైలాలు, అంటే సంఘం నియమాలు, సభ్యులే రాసుకునే వీలు ఇచ్చింది. సంఘం సేవలను కనీస స్థాయిలో వాడుకోని సభ్యుడికి ఓటు ఉండకూడదన్న ఆలోచన ఆ చట్టంలోనే ఉంది. మొదట్లో చెప్పిన మేనేజర్ల ప్రశ్నకు సగం జవాబు ఇక్కడ దొరుకుతుంది. పనికి రాని సభ్యుడికి మెమో ఇవ్వాల్సిన పని లేదు. ఏడాదిలో ఇన్ని రోజులు, లేదా ఇంత విలువైన పని సంఘం ద్వారా చేస్తేనే జనరల్ బాడీలో ఓటు అని బైలాలో ముందే రాసుకుంటే చాలు. అప్పుడు అతను నిజంగా యజమానిలా ఉన్నాడా లేదా అన్నది లెక్కే చెబుతుంది, మేనేజరు చెప్పనక్కర్లేదు. ఇలా రాసుకున్న సంఘాలు నేను తక్కువ చూశాను. రాసుకుని అమలు చేసినవి ఇంకా తక్కువ.

స్వచ్ఛ్ బలహీనతలు

ఈ కేసును పూలదండ వేసి చెప్పడం నాకిష్టం లేదు. సభ్యుల ఆదాయం ఇళ్ళ నుంచి వచ్చినా, సంఘం ఆఫీసు నడిచేది, సరంజామా వచ్చేది కార్పొరేషన్ ఒప్పందం మీద. 2008 ఒప్పందం 2013లో ముగిశాక కొత్తది 2016లో గానీ కుదరలేదు. 2020 చివర్లో మళ్ళీ ముగిసింది. పనిని ప్రైవేటు కాంట్రాక్టర్లకు ఇవ్వాలన్న మాటలు లేచాయి, నెలల తరబడి పొడిగింపుల మీద నడిచింది, సభ్యులు వీధుల్లోకొచ్చారు, ఆ తర్వాతే మళ్ళీ ఒప్పందం. ఇలాంటి నెలల్లో సిబ్బందికి ఉద్యోగ భయం. సభ్యులు మాత్రం పొద్దున్నే మామూలుగానే బకెట్లు పట్టుకుని వెళ్ళారు, ఎందుకంటే వాళ్ళ డబ్బు ఇళ్ళ నుంచి వస్తుంది. పైన ఒప్పందం తెగినా కింద పని నడవడం ఈ ఏర్పాటుకున్న అసలు బలం. అయినా కోఆర్డినేటర్లు లేని పని ఎన్నాళ్ళో నడవదు.

కోవిడ్ లాక్‌డౌన్‌లో ఇంకో బలహీనత బయటపడింది. ఇళ్ళు తిరిగే పని అత్యవసర సేవ కాబట్టి ఆగలేదు. స్క్రాప్ కొట్లు మూతపడ్డాయి. రెండు కాళ్ళ మీద నిలిచే ఆదాయంలో ఒక కాలు విరిగింది. స్వయం ఉపాధి అన్న మాటకు అర్థం ఆ నెలల్లో ప్రతి సభ్యురాలికీ తెలిసొచ్చింది. నష్టం కూడా సొంతమే.

వయసు సమస్య ఇంకా పెద్దది. మెట్లెక్కే పని యాభై దాటాక మోకాళ్ళు చేయనివ్వవు. జీతగాడికైతే పెన్షనో గ్రాట్యుటీనో ఉంటుంది. వీళ్ళ పిల్లలు, బడికి పంపినందుకు సంతోషించాల్సిన సంగతే, ఈ పనికి రావడానికి ఇష్టపడటం లేదు. తన ఇళ్ళ వరసను దిగిపోయేటప్పుడు ఆమె ఏం తీసుకుని వెళ్ళాలి? కొన్నేళ్ళ కష్టంతో కుదిర్చిన ఖాతాదారులు అవి, వేరే వ్యాపారంలోనైతే గుడ్‌విల్ అని లెక్కగట్టి అమ్ముకునేవాళ్ళు. సంఘం ఆస్తి అని ఊరికే వెనక్కి తీసుకుంటే అన్యాయం. అమ్ముకోనిస్తే కొత్తగా చేరే పేదరాలు కొనలేదు. దీనికి నా దగ్గర ఉన్నది ఒక ప్రతిపాదన మాత్రమే: కొత్తగా ఆ ఇళ్ళు తీసుకునే సభ్యురాలు మొదటి రెండేళ్ళ రుసుములో చిన్న భాగం, సంఘం ద్వారా, దిగిపోయిన ఆమెకు ఇచ్చేలా బైలా రాయడం. మన ఆటో సంఘాల్లో స్టాండు సీటు చేతులు మారేటప్పుడు ఇలాంటిదే లోపాయికారీగా జరుగుతూనే ఉంది, కాగితం మీద మాత్రం ఎవరూ పెట్టరు. కాగితం మీద పెడితే ఎంత శాతం, ఎన్నాళ్ళు, చనిపోతే ఎవరికి అన్నవి జనరల్ బాడీ తేల్చుకోవాలి. మా తర్వాతి బ్యాచ్‌లో ఒక ఆటో సంఘం ఈ బైలా ముసాయిదా రాస్తోంది.